‘నీట్’ అనే ఇంగ్లీషు మాటను సరిగ్గా వాడటం ఎలా? సమగ్ర మార్గదర్శి

గిన్నెలు నీట్‌గా తోమమంటాం. తల నీట్‌గా దువ్వుకోమంటాం. సినిమా నీట్‌గా ఉందంటాం, డ్రైవరు బండి నీట్‌గా నడుపుతాడంటాం. తెలుగు ఇళ్లలో ఇంతగా నానిపోయిన మాట కాబట్టే, ఇంగ్లీషులో రాసేటప్పుడు దీని కోసం ఎవరూ నిఘంటువు తెరవరు. చిక్కంతా అక్కడే వస్తుంది. మనం దీన్ని ‘సరిగ్గా’, ‘శుభ్రంగా’, ‘స్పష్టంగా’, ‘మర్యాదగా’ అనే మాటలన్నిటికీ బదులుగా వాడేస్తున్నాం. ఇంగ్లీషులో ఆ పనులకు వేరే మాటలున్నాయి. పైగా మనం ఎన్నడూ వాడని అర్థాలు మూడు నాలుగు ఈ మాటకు అక్కడ ఉన్నాయి. వాటిలో ఒకటి తెలియకపోతే చర్మం కాలే ప్రమాదం కూడా ఉంది.

కింది మెట్లు వరుసగా చదవండి. మూడో మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగండి, తెలుగువాళ్లు ఎక్కువగా పొరబడేది అక్కడే.

మొదటి మెట్టు: మాట మూలం పట్టుకోండి

లాటిన్‌లో ‘నితిదుస్’ అంటే మెరిసేది. అది ఫ్రెంచిలోకి వచ్చేసరికి కుదించుకుపోయి, శుభ్రమైనది, కల్తీ లేనిది అనే అర్థం తెచ్చుకుంది. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులో ‘నీట్’ అయింది. దీనికి తోడబుట్టిన మాట ఒకటి మీ వంటింట్లోనే ఉంది. బియ్యం బస్తా మీద ‘నెట్ వెయిట్’ అని రాసి ఉంటుంది చూడండి, ఆ ‘నెట్’ ఇదే కుటుంబం. సంచి బరువు తీసేస్తే మిగిలిన బియ్యం బరువు, అంటే నికర బరువు. (చేపలు పట్టే వల కూడా ‘నెట్’ అనే అంటారు గానీ దాని పుట్టుక వేరు.)

బస్తాను గుర్తుపెట్టుకుంటే ‘నీట్’ అర్థాలన్నీ ఒకే తాడు మీదికి వస్తాయి. చెదిరింది లేదు, కలిసింది లేదు, అవసరానికి మించి ఒక్కటీ లేదు. పొందిగ్గా సర్దిన బల్ల నీట్, నీళ్లు కలపని విస్కీ నీట్, నాలుగు మాటల్లో తేలిపోయిన పరిష్కారం నీట్. రాసే ముందు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘చెదరలేదు, కలవలేదు, ఎక్కువ కాలేదు’ అనే మూడింటిలో నేను చెప్పదలచుకున్నది ఏదైనా ఉందా? ఉంటే ‘నీట్’ రాయండి. లేకపోతే వేరే మాట వెతకండి.

రెండో మెట్టు: నీట్, క్లీన్, టైడీ వేరు చేయండి

బీరువా తలుపు తీయండి. పై అరలో చొక్కాలు మడత మీద మడత, అంచుకు అంచు కలిసి, కాలర్లన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే ఒక కాలరు మీద చెమట మరక. ఆ అర నీట్, కానీ క్లీన్ కాదు. ఇప్పుడు మంచం వైపు చూడండి. ఉతికి ఆరేసి తెచ్చిన బట్టలు కుప్పగా పడి ఉన్నాయి, ఒక చీర కొంగు నేల మీదికి జారుతోంది. అవి క్లీన్, కానీ నీట్ కాదు. ఇంగ్లీషులో ఈ రెండు మాటలూ చూసే చోట్లు వేరు. ‘క్లీన్’ మురికి ఉందా లేదా అని చూస్తుంది. ‘నీట్’ ఆకారమూ అమరికా చూస్తుంది.

‘టైడీ’ మరో సంగతి. ఇది సముద్రపు ఆటుపోట్లను చెప్పే ‘టైడ్’ నుంచి వచ్చింది. పాత ఇంగ్లీషులో ‘టైడ్’ అంటే సమయం, అందుకే ‘టైడీ’ అంటే మొదట్లో వేళకు జరిగేది అని. ఇప్పుడు దాని అర్థం ఎక్కడి వస్తువు అక్కడ ఉండటం. ఆడుకున్న బొమ్మలన్నీ తిరిగి బుట్టలోకి చేరితే గది టైడీ. అదే బుట్టలో బొమ్మలు పరిమాణం ప్రకారం పేర్చి ఉంటే ఆ బుట్ట నీట్ కూడా. కాబట్టి గదులకు, ఇళ్లకు, బల్లలకు రెండూ నడుస్తాయి. చేతిరాతకు, కుట్టుకు, పాపిడికి, మడతకు మాత్రం ‘నీట్’ బాగా నప్పుతుంది, ఎందుకంటే అక్కడ చూసేది గీత, అంచు, ఎడం. ‘టైడీ సమ్’ అంటే మాత్రం పొందికతో సంబంధం లేదు, చెప్పుకోదగ్గ మొత్తం అని.

మన దగ్గర బాగా వినిపించే ‘నీట్ అండ్ క్లీన్’ తప్పు కాదు. బ్రిటన్‌లో పెరిగినవాళ్లు మాత్రం ‘నీట్ అండ్ టైడీ’ అని గానీ, ‘క్లీన్ అండ్ టైడీ’ అని గానీ జత కడతారు. ఇల్లు అద్దెకిచ్చే ప్రకటన విదేశాల్లోనివాళ్ల కోసం రాస్తుంటే రెండోది వాడండి. వాళ్లు ముందుగా తెలుసుకోవాలనుకునేది ఇల్లు శుభ్రంగా ఉందా అని.

మూడో మెట్టు: తెలుగు ‘గా’ను దాటండి

‘గది నీట్‌గా ఉంది.’ ‘చొక్కా నీట్‌గా మడిచాడు.’ తెలుగులో రెండు వాక్యాల్లోనూ ‘గా’ ఉంది. ఇంగ్లీషులో మొదటిదానికి ‘నీట్’, రెండోదానికి ‘నీట్లీ’. మన ‘గా’ రెండు పనులు చేస్తుంది, ఒక వస్తువు ఎలా ఉందో చెబుతుంది, ఒక పని ఎలా జరిగిందో కూడా చెబుతుంది. ఇంగ్లీషు ఆ రెండింటికీ వేర్వేరు రూపాలు పెట్టుకుంది. ఈ తేడా తెలియక ‘కీప్ యువర్ రూమ్ నీట్లీ’ అని బడి గోడల మీద కూడా రాస్తుంటారు. అది ‘కీప్ యువర్ రూమ్ నీట్’ అని ఉండాలి. ఉంచేది గదిని, నీట్‌గా ఉండేది కూడా గదే.

సరిచూసుకునే పద్ధతి సులువు. తెలుగు వాక్యంలో క్రియ చూడండి. ఉండు, ఉంచు, కనిపించు, అనిపించు అనేవి అయితే ‘నీట్’ చాలు. మడుచు, రాయి, సర్దు, కట్టు, కత్తిరించు, దువ్వు లాంటివి అయితే ‘నీట్లీ’. 

చోటు కూడా ముఖ్యమే. తెలుగులో ‘నీట్‌గా’ క్రియకు ముందే వస్తుంది కాబట్టి, మనం ‘నీట్లీ ఫోల్డ్ ద క్లోత్స్’ అంటాం. మామూలు ఆజ్ఞలో ‘ఫోల్డ్ ద క్లోత్స్ నీట్లీ’ సహజం. పని పూర్తయ్యాక వర్ణించేటప్పుడు మాత్రం ముందుకు వస్తుంది: ‘నీట్లీ ఫోల్డెడ్ క్లోత్స్’, ‘నీట్లీ డ్రెస్డ్’.

మిగతా వ్యాకరణం త్వరగా అయిపోతుంది. పోలికకు ‘నీటర్’, ‘నీటెస్ట్’. ‘మోర్ నీట్’ అనొద్దు. నామవాచకం ‘నీట్‌నెస్’. పరీక్షల్లో రాతకు వేసే మార్కులు దీని పేరిటే. ‘అన్‌నీట్’ అనే మాట వాడుకలో లేదు. ‘నీట్’ను క్రియగా వాడి ‘నీట్ ద టేబుల్’ అనడం తప్పు, ‘టైడీ ద టేబుల్’ అనాలి. ‘నీటెన్’ అనే క్రియ ఒకటుంది గానీ దాన్ని అంచులు, గీతలు సరిచేయడానికి మాత్రమే దాచుకోండి. తోటలో గడ్డి అంచు కత్తిరించడం, జుట్టు కొసలు సమం చేయడం, అలాంటివి.

నాలుగో మెట్టు: మన ‘నీట్‌గా’కు అసలు మాట పెట్టండి

ఇక్కడ చేయాల్సిన పని ఇది. ‘నీట్‌గా’ను తీసేసి, ఆ చోట అచ్చమైన తెలుగు మాట పెట్టి చూడండి. పొందిగ్గా, కుదురుగా, తీరుగా అనే మాటలు కుదిరితే ఇంగ్లీషులోనూ ‘నీట్’ కుదురుతుంది. శుభ్రంగా, గట్టిగా, వివరంగా, మర్యాదగా లాంటివి వచ్చాయంటే ఇంగ్లీషు మాట మారాలి.

- గిన్నెలు నీట్‌గా కడుగు: ‘జిడ్డు లేకుండా’ అని మన ఉద్దేశం. ‘వాష్ ద డిషెస్ ప్రాపర్లీ’ లేదా ‘థరోలీ’. ‘నీట్లీ’ అంటే నీళ్లు చిందకుండా కడిగావని అర్థమవుతుంది, జిడ్డు పోయిందో లేదో తెలియదు.
- విషయం నీట్‌గా చెప్పు: ‘క్లియర్లీ’.
- పెద్దవాళ్లతో నీట్‌గా మాట్లాడు: ‘పొలైట్లీ’.
- ఫొటో నీట్‌గా పడింది: ‘క్లియర్’ లేదా ‘షార్ప్’.
- బండి నీట్‌గా నడుపుతాడు: ‘స్మూద్లీ’, జాగ్రత్త గురించి అయితే ‘కేర్‌ఫుల్లీ’.
- పెళ్లి నీట్‌గా జరిగిపోయింది: ‘వెంట్ ఆఫ్ స్మూద్లీ’.
- సినిమా నీట్‌గా ఉంది: అసభ్యత లేదని చెప్పాలంటే ‘క్లీన్’, ఇంటిల్లిపాదీ చూడొచ్చు అంటే ‘ఫ్యామిలీ ఫిల్మ్’. ‘నీట్ ఫిల్మ్’ అంటే అమెరికావాడికి ‘భలే ఉంది’ అని వినిపిస్తుంది.

రెజ్యూమెలో ‘ఐ యామ్ నీట్’ రాసేవాళ్లు చెప్పదలచుకున్నది పనిలో క్రమం ఉందని. దానికి ‘వెల్ ఆర్గనైజ్డ్’ అనే మాట ఉంది. మనిషికి ‘నీట్’ వాడితే బట్టల తీరు, గది సర్దుకునే అలవాటు గుర్తొస్తాయి. అలవాటు మరీ ముదిరి, ఎవరైనా కప్పు జరిపినా సహించలేనివాళ్లను ‘నీట్ ఫ్రీక్’ అంటారు. అది పొగడ్త కాదు, జాగ్రత్త.

ఐదో మెట్టు: సీసా మీద ‘యూజ్ నీట్’ అని ఉంటే

ఇది ప్రాణం పెట్టి నేర్చుకోవాల్సిన అర్థం. నేల తుడిచే మందు, క్రిమిసంహారక మందు సీసాల వెనక వాడే పద్ధతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముఖ్యంగా బ్రిటన్ సరుకుల మీద మొదటి వరుసలో బకెట్ నీళ్లకు ఎన్ని మూతలు కలపాలో చెప్పి, కింద ‘ఫర్ డ్రెయిన్స్, యూజ్ నీట్’ అన్నట్టుగా రాస్తారు. నీట్‌గా వాడమని, అంటే జాగ్రత్తగా ఒలకకుండా వాడమని దాని అర్థం కాదు. నీళ్లు కలపకుండా ఉన్నదున్నట్టే పోయమని. అలాగే సుగంధ తైలాల సీసా మీద ‘డు నాట్ అప్లై నీట్ టు ద స్కిన్’ అని ఉంటే, కొబ్బరినూనె లాంటి వేరే నూనెలో కలపకుండా నేరుగా చర్మానికి రాయొద్దని హెచ్చరిక. ‘నీట్‌గా రాయొద్దు అంటే ఏమిటో’ అనుకుని వదిలేసి రాసుకుంటే చర్మం మంట పుట్టి, ఎర్రబడి, బొబ్బలు కూడా రావచ్చు. 

చదివేటప్పుడు ఇలా చేయండి. ద్రవం పేరు పక్కన ‘నీట్’ కనిపించగానే దాన్ని ‘ఏమీ కలపకుండా’ అని చదువుకోండి. వాక్యంలో ‘డైల్యూట్’ లేదా ‘డైల్యూటెడ్’ అనే మాట పైనో కిందో ఉందేమో చూడండి. ఉంటే సందేహం అక్కర్లేదు, ఆ రెండూ ఎదురెదురు మాటలు.

కట్టడం పనిలోనూ ఇదే అర్థం. ఎస్టిమేట్‌లో ‘ఫ్లోటింగ్ కోట్ ఆఫ్ నీట్ సిమెంట్’ అని ఉంటే, ఇసుక లేకుండా సిమెంటూ నీళ్లూ మాత్రమే కలిపి పైన వేసే పూత. మేస్త్రీలు సిమెంటు పాలు అనేది ఇలాంటి మిశ్రమాన్నే. నున్నగా ఫినిషింగ్ చేయమన్నారని అర్థం చేసుకుని ఇసుక మాలుతోనే పైపూత ముగిస్తే, బిల్లు దగ్గర ఇంజినీరుతో పేచీ తప్పదు. ఈ పూత పలచగానే వెయ్యాలి. ఇసుక లేని సిమెంటు ఆరేటప్పుడు ఎక్కువగా కుంచించుకుపోతుంది, మందంగా వేస్తే వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. లేత్ మిషన్ల దగ్గర ‘నీట్ కటింగ్ ఆయిల్’ అంటే నీళ్లు కలపకుండా వాడే నూనె. నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడే ‘సాల్యుబుల్ ఆయిల్’ దానికి వేరు. ఒకదాని బదులు ఇంకొకటి తెస్తే పని చెడుతుంది. నీట్ ఆయిల్‌లో నీళ్లు పోస్తే అవి కలవవు, నూనె పైకి తేలుతుంది.

మద్యం దగ్గర ఇది అందరికీ తెలిసిందే. విస్కీ ‘నీట్’ అంటే నీళ్లు, సోడా, ఐసు ఏవీ లేకుండా, చల్లబరచకుండా. మన దగ్గర ‘రా’ కొట్టడం అంటారు. ఐసు మీద పోస్తే ‘ఆన్ ద రాక్స్’. ‘అప్’ లేదా ‘స్ట్రెయిట్ అప్’ అంటే ఐసుతో కలిపి చల్లబరిచి, ఐసు వడకట్టి పోసేది. బార్లో పనిచేసేవాళ్లు, ముఖ్యంగా విదేశీ హోటళ్లలో, ఎవరైనా ‘స్ట్రెయిట్’ అని అడిగితే ‘నీట్ ఆర్ అప్?’ అని తిరిగి అడగడం మంచిది. అమెరికాలో ఆ మాటను రెండు అర్థాల్లోనూ అంటారు.

ఆరో మెట్టు: తెలివిగా, క్లుప్తంగా తేలిపోయినది

లెక్కల మాస్టారు పది వరుసల్లో చేసేదాన్ని ఒక విద్యార్థి మూడు వరుసల్లో తేల్చేస్తే అది ‘నీట్ సొల్యూషన్’. వక్త గంట చెప్పినదాన్ని ఒక్క వాక్యంలో కుదిస్తే ‘నీట్లీ సమ్స్ అప్’. ఇష్టం లేని ప్రశ్నను మంత్రి లాఘవంగా తప్పించుకుంటే ‘నీట్లీ సైడ్‌స్టెప్డ్ ద క్వశ్చన్’. మూడింటిలోనూ బస్తా సూత్రమే ఉంది, అనవసరమైనది ఒక్కటీ లేదు. 

పుస్తక సమీక్షలు, పత్రికా వ్యాసాలు చదివేవాళ్లు ‘టూ నీట్’ దగ్గర ఆగాలి. ‘ది ఎక్స్‌ప్లనేషన్ ఈజ్ టూ నీట్’ అంటే వివరణ బాగుందని మెచ్చుకోవడం కాదు. చిక్కులన్నీ కత్తిరించేసి, నిజానికి లేనంత సులువు చేశారని ఆక్షేపణ. ‘ఎ నీట్ ఎండింగ్’ కూడా సందర్భాన్ని బట్టి ఇలాగే మారుతుంది, దారాలన్నీ అతి సులువుగా ముడిపడ్డాయని అనుమానం.

అమెరికాలో ‘దట్స్ నీట్!’ అంటే ‘భలే!’ అని మాత్రమే. పొందికతో సంబంధం లేదు. కాస్త పాతకాలపు రుచి ఉన్న మాట. పిల్లలకో, స్నేహితులకో చెప్పవచ్చు. ఆఫీసు నివేదికలో రాయకండి. బ్రిటన్‌లో ఇది అంతగా వినపడదు.

అర్థం ఏదో తేలకపోతే వ్యతిరేకం వెతకండి. ఈ కిటుకు దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది. నీట్ చేతిరాతకు వ్యతిరేకం ‘మెస్సీ’, నీట్‌గా తయారైన మనిషికి ‘స్క్రఫీ’, నీట్ పరిష్కారానికి ‘క్లమ్జీ’, నీట్ యాసిడ్‌కు ‘డైల్యూటెడ్’. వ్యతిరేకం ‘డర్టీ’ అని మీ మనసులోకి వస్తోందంటే, మీకు కావలసిన మాట ‘క్లీన్’.

ఏడో మెట్టు: స్పెల్లింగు, పలుకుబడి, పేరు పోలికలు

స్పెల్లింగు ఎన్, ఇ, ఎ, టి. వైద్య ప్రవేశపరీక్ష నీట్‌కు మధ్యలో రెండు ‘ఇ’లు, అన్నీ పెద్దక్షరాలు. 2013లో మొదటిసారి జరిగిన ఆ పరీక్ష ప్రభావం ఎంతంటే, విద్యార్థులు చేతిరాత గురించి రాసేటప్పుడు కూడా రెండు ‘ఇ’లు పెట్టేస్తున్నారు. స్పెల్లింగు సరిచూసే సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని ఒక్కోసారి పట్టుకోదు, ఎందుకంటే అదీ ఉన్న మాటే. బ్రిటన్ వార్తల్లో అదే రెండు ‘ఇ’ల మాట కనిపిస్తే మన పరీక్ష అనుకోకండి. చదువు, ఉద్యోగం, శిక్షణ మూడూ లేని యువత అని అక్కడ దాని అర్థం.

పలికేటప్పుడు ‘నీ’ని పూర్తిగా సాగదీయాలి. కుదిస్తే ‘నిట్’ అవుతుంది, అది తలలోని ఈరు. ‘నీట్లీ’ని ‘నీటులీ’ అనకుండా, ‘ట్’ దగ్గర గాలి ఆపి నాలుకను కదపకుండానే ‘లీ’లోకి జారండి. అద్దం ముందు పదిసార్లు అంటే పట్టుబడుతుంది. అమెరికన్లు ‘నీట్ ఐడియా’ అన్నప్పుడు ‘నీడైడియా’ అన్నట్టు వినపడుతుంది, వేరే మాట కాదు.

ఇంకొక ‘నీట్’ ఉంది, ఇదే స్పెల్లింగు, పుట్టుక వేరు. పాత ఇంగ్లీషులో పశువులు అని. ఇప్పుడు దాదాపు పోయింది, తోలుకు రాసే ‘నీట్స్‌ఫుట్ ఆయిల్’ పేరులో మిగిలింది. పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె అది. షేక్‌స్పియర్ నాటకం ‘ద వింటర్స్ టేల్’లో రాజు లియోంటెస్ కొడుకు ముక్కుకు అంటిన మరక చూసి ‘మనం నీట్‌గా ఉండాలి’ అంటాడు. వెంటనే, కొమ్ముల పశువులనూ నీట్ అంటారు కదా అని గుర్తొచ్చి ఆ మాటను ‘క్లీన్లీ’గా మార్చుకుంటాడు.

ఎనిమిదో మెట్టు: ఇంగ్లీషు నుంచి తెలుగులోకి

అనువదించేవాళ్లు ‘నీట్’ను నీట్‌గానే వదిలేయడం పరిపాటి అయింది. మనకు మంచి మాటలున్నాయి, అవి వాడుకలో నిలవాలి. అమరికకు ‘పొందిక’, మనిషి తీరుకు ‘కుదురు’, చేతిరాతకు ‘గుండ్రంగా’, ‘ముత్యాల్లా’. కలపనిదానికి ‘నిఖార్సైన’, ‘అచ్చమైన’. సీసా మీద సూచనకు మాత్రం అలంకారం వద్దు, ‘నీళ్లు కలపకుండా’ అని సూటిగా రాయండి. ‘నీట్ ట్రిక్’కు ‘భలే కిటుకు’, ‘నీట్లీ ఎస్కేప్డ్’కు ‘లాఘవంగా తప్పించుకున్నాడు’. 

సాధన

ఈ ఆరు వాక్యాలను కాగితం మీద ఇంగ్లీషులోకి మార్చండి. తర్వాతే జవాబులు చూడండి.

1. వాళ్ల ఇల్లు ఎప్పుడూ నీట్‌గా ఉంటుంది, వస్తువులన్నీ సర్ది ఉంటాయి.
2. గాయాన్ని నీట్‌గా కడిగి కట్టు కట్టు.
3. పుస్తకాలకు అట్టలు నీట్‌గా వేసింది.
4. ఈ యాసిడ్‌ను నీళ్లు కలపకుండా వాడొద్దు.
5. నీ రాత కంటే తమ్ముడి రాత నీట్‌గా ఉంది.
6. నిన్నటి మీటింగు నీట్‌గా జరిగింది.

జవాబులు: ఒకటిలో ‘నీట్ అండ్ టైడీ’. ‘నీట్లీ’ రాస్తే మూడో మెట్టు మళ్లీ చదవండి. రెండులో ‘క్లీన్ ద వూండ్ థరోలీ’, ఎందుకంటే చూసేది మురికిని. కట్టు మాత్రం ‘నీట్లీ’ కట్టవచ్చు. మూడులో ‘కవర్డ్ ద బుక్స్ నీట్లీ’. నాలుగులో ‘డు నాట్ యూజ్ దిస్ యాసిడ్ నీట్’. ఐదులో ‘నీటర్’. ఆరులో ‘వెంట్ ఆఫ్ స్మూద్లీ’.